వేట పడవకు లెక్కల పని

కోలారు బంగారు గనుల ఊళ్లైన ఊరిగాం, ఛాంపియన్ రీఫ్, మారికుప్పం గురించి రాసేవాళ్లు బంగారం గురించి రాస్తారు, 3 కిలోమీటర్లు దాటిన గని లోతు గురించి రాస్తారు, 1902లో శివనసముద్రం నుంచి వచ్చిన కరెంటు గురించి రాస్తారు. నీళ్ల సంగతి ఎత్తేవాళ్లు తక్కువ. ఆ గనులకూ, వాటి చుట్టూ పుట్టిన పేటలకూ దాహం తీర్చింది పాలారు మీది బేతమంగళం చెరువు. అలాంటి పెద్ద చెరువులూ, వాటి కింద గొలుసుగా సాగే చిన్న చెరువులూ కోలారు సీమ నిండా ఉన్నాయి. నిండిన ఏడు కార్తీక మాసం వచ్చేసరికి వాటి మీద బాతులు దిగేవి. దొరల కాలంలో చెరువు మీద బాతుల వేట ఒక సెలవు కాలక్షేపం. తుపాకీ, పడవ, పడిన పక్షిని ఈది తెచ్చే కుక్క ఉంటే చాలు. అమెరికాలో, ఐరోపాలో అది ఇప్పటికీ సాగుతూనే ఉంది. చలికాలం ముందు పాత పడవ ఒకటి కొని, అతుకులు వేసి, బాతుల వేటకు సిద్ధం చేసుకోవడం అక్కడ ఎంతోమందికి ఇష్టమైన పని. మన దగ్గర ఆ వేట నేరం, నేరంగానే ఉండాలి. అయితే వేటగాడు పడవను మలిచిన పద్ధతి మాత్రం మనకు ఇప్పుడు కావాలి. కోలారు చెరువుల్లోకి మళ్లీ నీళ్లు వచ్చాయి, ఆ నీళ్ల వెనకే పక్షులూ వచ్చాయి. ఆ నీళ్ల మీద ఏం జరుగుతోందో దగ్గర నుంచి చూసేవాళ్లు మాత్రం లేరు.

ముందు ఆ మలచడం ఏమిటో చూద్దాం. బాతు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, అందుకే మెడ తిప్పకుండానే దాదాపు చుట్టూ చూడగలదు. రంగులు బాగా పోల్చుకుంటుంది. నీళ్ల మీద చప్పుడు దూరం పోతుంది కాబట్టి తెడ్డు పడవ అంచుకు ‘టక్’మని తగిలినా దానికి తెలిసిపోతుంది. ఇన్ని కాపలాలు దాటుకుని దగ్గరికి పోవాలి గనక వేటగాడు పడవలో నాలుగు విషయాలు చూసుకున్నాడు. అడుగు చదునుగా ఉండాలి, జానెడు నీళ్లలో కూడా తేలాలి. అంచులు నీటికి దగ్గరగా, తక్కువ ఎత్తులో ఉండాలి, దూరానికి గట్టు ముక్కలా కనిపించాలి తప్ప పడవలా కాదు. మెరిసేది ఏదీ ఉండకూడదు: తళతళలాడే పెయింటు గీకి, మట్టిరంగు, ఎండుగడ్డి రంగు మెరుపు లేకుండా పూస్తారు, స్టీలు కొక్కేలకు కూడా. చివరగా మనిషి రూపం చెదిరిపోవాలి. పక్కల నుంచి వంచిన కడ్డీల మీద వల పరిచి, ఆ చెరువులో పెరిగే గడ్డినే దానికి కడతారు. అక్కడ లేని గడ్డి కడితే దాచడం మాట అటుంచి ఇంకా ఎత్తి చూపినట్టవుతుంది. ఇవన్నీ చేశాక తుపాకీ పెట్టుకునే చోటు, నిలబడి కాల్చడానికి జారని పలక, కుక్క ఎక్కిదిగే మెట్టు, కొయ్య బాతులు పేర్చుకునే జాగా అమరుస్తారు. ఈ రెండో వరస తీసేయండి. మిగిలినదంతా పక్షిని బెదరగొట్టకుండా దగ్గర నుంచి చూడటానికి కావలసిన సరంజామాయే. పైగా మనిషి నిలబడనక్కర్లేదు, తుపాకీ వెనక్కి తన్నే దెబ్బ ఉండదు, బరువు తగ్గుతుంది. కాబట్టి చూసేవాడి పడవ వేటగాడి పడవ కంటే క్షేమం కూడా.

చట్టం సంగతి తేల్చి ముందుకు పోదాం, ఎందుకంటే ‘ఒకటి రెండు బాతులే కదా’ అనే మాట పల్లెల్లో ఇంకా వినిపిస్తుంది. మైసూరు సంస్థానం 1901లోనే వేటకూ చేపలకూ ఒక రెగ్యులేషన్ తెచ్చింది. బ్రిటిష్ ఇండియాలో 1912లో అడవి పక్షుల, జంతువుల రక్షణ చట్టం వచ్చింది. అవి వేటను ఆపలేదు, రుతువులు పెట్టి అదుపు చేశాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా మొదట్లో లైసెన్సు మీద చిన్న వేటకు దారి ఉంచింది. 1991 సవరణ ఆ దారి మూసేసింది. 2022 సవరణ తర్వాత ఎక్కువ రకాల బాతులు రెండో షెడ్యూలు కిందికి వచ్చాయి. సాధారణ నేరానికి 3 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. చాలామందికి తెలియనిది ఇంకొకటి. ఈ చట్టం లెక్కలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. వల వేయడం, ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, తరమడం, గుడ్లూ గూళ్లూ చెదరగొట్టడం అన్నీ వేటే. ఫొటో కోసమో సరదాకో పడవతో బాతుల గుంపును తరిమేవాళ్లు ఈ చివరి మాటలు రెండుసార్లు చదువుకోవడం మంచిది.

నిషేధం సరైనదే అనడానికి భరత్‌పూర్ చాలు. 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం అక్కడి ఘనా నీటిమడుగుల్లో ఒక్క రోజులో 4,200కు పైగా పక్షులను కూల్చింది. ఆ లెక్కలు చెక్కిన రాళ్లు అక్కడ ఈనాటికీ ఉన్నాయి, ఎవరూ సిగ్గుపడి తీసేయలేదు, అదీ ఒకందుకు మంచిదే. కానీ ఆ రాళ్లు చెప్పే రెండో సంగతి కూడా ఉంది: వేటగాళ్లు లెక్క రాసేవారు. ఎన్ని పడ్డాయి, ఏ రకం, ఏ తేదీన మొదటి గుంపు దిగింది, ఏ చెరువు ఏ ఏడు ఎండింది, అన్నీ రాసేవారు. 1879 నుంచి 1881 వరకు వెలువడిన ‘గేమ్ బర్డ్స్ ఆఫ్ ఇండియా, బర్మా అండ్ సిలోన్’ మూడు సంపుటాలు ఆ రాతల మీదే నిలబడ్డాయి. వాటి రచయితల్లో ఒకడైన హ్యూమ్‌ను మనం కాంగ్రెస్ స్థాపకుడిగానే గుర్తుపెట్టుకున్నాం. భారత దేశపు బాతుల మీద 1908లో పుస్తకం తెచ్చిన స్టువర్ట్ బేకర్ పోలీసు అధికారి, వేటగాడు. 1939-40లో మైసూరు సంస్థానపు పక్షులను సర్వే చేసిన సలీం అలీకి కూడా పక్షుల మీద ఆసక్తి కుదిరింది చిన్నప్పుడు తాను కొట్టిన ఒక పిచ్చుకతోనే. తుపాకీని దించేశాం, బాగుంది. ఆ నోటు పుస్తకాన్నీ మూసేశాం, అదే బాగోలేదు. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఆ పని కొంత చేస్తోంది. చేసేది సొంత ఖర్చులతో తిరిగే ఔత్సాహికులు. నగరానికి దగ్గరి చెరువులకు అలాంటివాళ్లు దొరుకుతారు. కోలారు జిల్లాలోని శ్రీనివాసపురం, ముళబాగిలు వైపు లోపలి చెరువుల్లో ఎన్నిటికి దొరుకుతారు?

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, తేలిగ్గా తోసేయదగ్గది కాదు. అమెరికాలో బాతులు మిగిలింది వేటగాళ్ల డబ్బుతోనే కదా, అంటారు. నిజమే. 1934లో అక్కడి ప్రభుత్వం బాతుల వేటగాళ్లు ఏటా ఒక డాలరు పెట్టి ‘డక్ స్టాంపు’ కొనాలని చట్టం చేసింది. ఇప్పుడు దాని వెల 25 డాలర్లు. ఆ డబ్బుతో ఇప్పటిదాకా 60 లక్షల ఎకరాలకు పైగా చిత్తడి నేలలు రక్షణలోకి వచ్చాయి. మన నిషేధం ఒక్క ఎకరం చెరువును కూడా కబ్జా నుంచి కాపాడలేదని ఎవరైనా అంటే ఎదురు చెప్పడం కష్టం. కానీ ఆ ఏర్పాటు దేని మీద నిలబడిందో చూడాలి. 1955 నుంచి అక్కడ వసంతంలో విమానాల మీద తిరిగి గుడ్లు పెట్టే బాతులను లెక్కపెడతారు. ఆ లెక్కను బట్టే మనిషికి రోజుకు ఎన్ని బాతులో నిర్ణయిస్తారు. వేట నిలబడింది ఆ లెక్క మీదే. మన చెరువుల మీద దిగే గార్గేనీ, సూదితోక బాతులు సైబీరియా, మధ్య ఆసియా వైపు నుంచి వస్తాయి. చారలతల బాతులు టిబెట్, మంగోలియా పీఠభూముల నుంచి హిమాలయాలు దాటి వస్తాయి. దాదాపు 30 దేశాల మీదుగా సాగే ఆ దారిలో ఏటా ఎన్ని పుడుతున్నాయో, ఎన్ని పోతున్నాయో కలిపి చెప్పగల ఏర్పాటు అమెరికా స్థాయిలో లేదు. కాబట్టి వేటను సమర్థించేవారైనా మొదట అడగవలసింది లెక్కనే. ఇంకో విడ్డూరం: మనం వేటను పూర్తిగా ఆపిన 1991లోనే అమెరికా అంతటా బాతుల వేటలో సీసపు గుళ్లు వాడకూడదనే నిబంధన పూర్తిగా అమల్లోకి వచ్చింది. బాతు తిన్న గింజలు నూరుకోవడానికి చిన్న గులకరాళ్లు మింగుతుంది. చెరువు అడుగున పడిన గుండును కూడా రాయే అనుకుని మింగుతుంది. తుపాకీ దెబ్బ తప్పించుకున్న పక్షి ఆ తర్వాత సీసపు విషంతో చచ్చేది. పద్ధతిగా సాగే వేటకు కూడా ఇలాంటి లోపలి ఖర్చులుంటాయి.

ఇక మన సీమకు వద్దాం. కోలారు అంటే పేరుకు చెరువుల జిల్లా, బతుకు మాత్రం బోర్ల మీద. వెయ్యి అడుగులు దాటి తవ్వినా చుక్క పడని బోర్లు, నెర్రెలిచ్చిన చెరువు నేలలో మొలిచిన సర్కారు తుమ్మ, పక్కనే నీలగిరి తోపులు. ఒక తరం పిల్లలు ఈ దృశ్యమే చూసి పెరిగారు. 2018లో కే.సీ. వ్యాలీ పథకం మొదలైంది. బెంగుళూరు మురుగును రెండు దశల్లో శుద్ధి చేసి, పైపుల్లో లక్ష్మీసాగర చెరువుకు చేర్చి, అక్కడి నుంచి ఒక చెరువు నిండితే దాని కింది దానికి వదులుతూ పోవడం ఆ పథకం. మొదటి నెలల్లోనే నురగ వచ్చింది, కోర్టు కేసులు నడిచాయి, మూడో దశ శుద్ధి కూడా కావాలన్న డిమాండు ఇప్పటికీ ఆగలేదు. ఆ వివాదంలో ఎవరిది ఒప్పో ఇక్కడ తేల్చలేం. మనకు కావలసింది ఇది: అలాంటి నీళ్లలో పోషకాలు ఎక్కువ, నాచు ఎక్కువ, దాని మీద బతికే పురుగూ పుట్రా ఎక్కువ. చేటలాంటి వెడల్పు ముక్కుతో నీటిని వడగట్టి తినే షవెలర్ బాతుకు అది విందు. శుభ్రమైన నీటిలో కలువలూ తామరల మధ్య తిరిగే చిన్న కాటన్ టీల్‌కు కాదు. ఏ రకం పెరుగుతోంది, ఏది తగ్గుతోంది అని ఐదారేళ్లు వరసగా రాసి పెడితే, నీటి నాణ్యత గురించి ప్రయోగశాల కాగితం పక్కన పెట్టి చూడదగ్గ ఇంకో సాక్ష్యం చేతికి వస్తుంది.

దీనికంటే తొందర పెట్టే కారణం ఇంకొకటుంది. 2019 నవంబరులో రాజస్థాన్‌లోని సాంభర్ సరస్సులో 18 వేలకు పైగా పక్షులు చచ్చిపోయాయి. కారణం బొటులిజం. గాలి ఆడని వెచ్చని బురదలో ఒక బాక్టీరియా విషం తయారు చేస్తుంది. ఆ విషం తిన్న పక్షికి రెక్కలు, కాళ్లు, చివరికి మెడ కూడా పడిపోయి, తల నీళ్లలో వాలి చస్తుంది. చచ్చిన పక్షిలో పురుగులు పడతాయి, ఆ పురుగుల్లో విషం చిక్కబడుతుంది, వాటిని ఏరుకు తిన్న పక్షి మళ్లీ చస్తుంది. ఈ గొలుసును తెంపడానికి ఉన్న ముఖ్యమైన మార్గం కళేబరాలను త్వరగా తీసేయడం. అవి ఎక్కడుంటాయి? కట్ట మీంచి కనిపించే చోట కాదు, జమ్ము పొదల్లో, బురద తిప్పల వెనక. అక్కడికి నడిచి పోలేం, దిగబడతాం. పెద్ద మోటారు పడవ పోదు, అడుగు తగులుతుంది. పోగలిగేది జానెడు నీళ్లలో తేలే చదును పడవ, అంటే అచ్చంగా బాతుల వేటగాడు కోరుకున్న పడవే. లోతు తక్కువై, వెచ్చగా, పోషకాలతో నిండిన చెరువులు కోలారులో ఇప్పుడు ఎన్నో ఉన్నాయి. సాంభర్ లాంటిది ఇక్కడ జరిగి తీరుతుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. జరిగితే మొదటి పది పక్షులు చచ్చినప్పుడు ఎవరికి తెలుస్తుంది అన్నదే ప్రశ్న.

పడవ దింపితే పక్షులు బెదరవా అని పక్షి ప్రేమికులే అడుగుతారు. బెదురుతాయి. ఈ అభ్యంతరంలో సగం ఒప్పుకోవాలి. ఊరి చివర చిన్న చెరువుకు పడవ అక్కర్లేదు. కట్ట మీద చింత చెట్టు నీడన కూర్చుని మంచి బైనాక్యులర్‌తో గంటలో లెక్క ముగించవచ్చు, అదే పద్ధతి. పడవ అవసరం బేతమంగళం లాంటి పెద్ద విస్తీర్ణాల్లో, జమ్ము అడ్డుపడి సగం నీళ్లు కట్టకు కనిపించని చోట. అక్కడ కూడా గణన రోజున, చావుల కబురు వచ్చిన రోజున తప్ప దించకూడదు. తింటున్న బాతులు ఒక్కసారిగా మెడలెత్తి, ఒకే వైపుకు ఈదడం మొదలుపెట్టాయంటే మనం ఎక్కువ దగ్గరికి వచ్చేశామని అర్థం. అక్కడే ఆగిపోవాలి, వెనక్కి జరగాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇంకా జాగ్రత్త కావాలి, అవి తిరుగు ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకునే రోజులు. వానాకాలంలో ఈల బాతులు గూళ్లు పెట్టే వైపు అసలు పోకూడదు. వేటగాడి కౌశలం సరిగ్గా ఇక్కడే పనికొస్తుంది: మాటు వేసుకుని కదలకుండా ఉన్న పడవ, రంగురంగుల చొక్కాలతో కట్ట వెంట నడిచే గుంపు కంటే తక్కువ బెదరగొడుతుంది.

పడవ కొత్తది కొననక్కర్లేదు. చేపల సొసైటీల దగ్గర మూలపడ్డ ఫైబర్ పడవ ఏదో ఒకటి ఉంటుంది. కొనేముందు స్పానర్ పిడితో అడుగంతా తట్టుతూ పోవాలి. ఖంగున మోగితే ఆరోగ్యం, ‘దబ్’మంటే లోపల పొరలు విడిపోయాయి. వెనక పలకలో ప్లైవుడ్ కుళ్లిందేమో మేకు గుచ్చి చూడాలి. చిల్లు చుట్టూ జానెడు మేర ఏటవాలుగా రుద్ది, అసిటోన్‌తో జిడ్డు తుడిచి, ఫైబర్ మ్యాట్ ముక్కలు చిన్నది కింద పెద్దది పైన వచ్చేలా రెజిన్‌తో అతకాలి. మన ఎండకు రెజిన్ గిన్నెలోనే గడ్డకడుతుంది గనక కొంచెం కొంచెమే కలుపుకోవాలి, గట్టిపరిచే మందు కంట్లో పడకుండా అద్దాలు తప్పనిసరి. నీటి మట్టం కింద ఎక్కడా స్క్రూ దింపకూడదు. పాత వెదురు పుట్టి అయితే పని ఇంకా సులువు, తారు పూసిన షీటు మార్చితే చాలు; కాకపోతే దానికి రెండు గండాలున్నాయి. గాలికి గిరగిరా తిరుగుతుంది, మునిగిపోయిన తుమ్మ మోడు తగిలితే చిరుగుతుంది. ఎండిన ఏళ్లలో చెరువు గర్భంలో పెరిగిన ఆ తుమ్మలే ఇప్పుడు నీళ్ల కింద ఉన్నాయి. ఇసుక కోసం, మట్టి కోసం తవ్విన గోతులు కూడా అలాగే ఉన్నాయి. మోకాటి లోతు అనుకున్నది ఒక్క అడుగులో రెండు నిలువులవుతుంది. అందుకే సీట్ల కింద నీళ్లు చొరని నురగ దిమ్మెలు, ఎక్కినవాళ్లందరికీ లైఫ్ జాకెట్లు, ఇద్దరికి మించి ఎక్కకపోవడం. మాటుకు వెదురు బద్దలు వంచి గోనెపట్టా కప్పి, ఆ చెరువు జమ్మునే కట్టవచ్చు. కానీ దాని ఎత్తు కూర్చున్న మనిషి తల దాటకూడదు, దాటితే గాలికి తెరచాపలా పనిచేసి పడవను ఒరగదోస్తుంది. ఇంజను వద్దు, పొడుగాటి వెదురు గడ చాలు. అడుగు లోతు కూడా అదే చెబుతుంది.

తాగునీళ్లకే కటకటలాడే జిల్లాలో బాతుల పడవకు డబ్బా, అనేవాళ్లుంటారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాక పని కోసం రోజూ బెంగుళూరు రైలెక్కే ఊళ్లు ఇవి. అడిగే హక్కు వాళ్లకుంది. జవాబు కూడా నీళ్లలోనే ఉంది. ఆ చెరువుల్లోంచి ఇంకేదే భూగర్భ జలమై మళ్లీ వాళ్ల బోర్లలోకి వస్తుంది. చెరువు జబ్బు పడిందో లేదో కనిపెట్టడం వాళ్ల బిందె సంగతే. ఖర్చు విషయానికొస్తే పాత పడవ, రెజిన్, వెదురు, జాకెట్లు. చెరువు పూడిక పేరుతో ఖర్చయ్యే సొమ్ములో ఇది లెక్కలోకి రాదు. నడిపేవాళ్లను వెతకనక్కర్లేదు. చేపల వాళ్లు రోజూ తెల్లారకముందే నీళ్ల మీద ఉంటారు, ఏ మడుగులో ఏ పక్షి దిగిందో వాళ్లకు తెలుసు. తరతరాలుగా పిట్టలు పట్టి బతికినవాళ్లకు ఇంకా తెలుసు. నిషేధం దొరల సరదాతో పాటు వీళ్ల కూడు కూడా తీసేసింది, బదులుగా ఇచ్చిందేమీ లేదు. గణనకూ, కళేబరాల ఏరివేతకూ కూలి ఇచ్చి వాళ్లను పెట్టుకోవడం దయకింద కాదు, పని తెలిసినవాళ్లకు పని కింద. పడవ ఎవరి పేరున ఉండాలన్నది పంచాయతీ, చిన్న నీటిపారుదల శాఖ, సొసైటీ కూర్చుని తేల్చుకోవాలి. అటవీ శాఖకు ముందుగా కాగితం ఇవ్వడం మాత్రం మరవకూడదు, గడ్డి కప్పిన పడవ తెల్లవారుజామున బాతుల వైపు పోతుంటే చూసినవాళ్లకు వేరే అనుమానమే వస్తుంది. చచ్చిన పక్షి కనిపిస్తే చేతులకు తొడుగులు లేకుండా ముట్టకూడదు, బర్డ్ ఫ్లూ కూడా కావచ్చు. సంచిలో కట్టి, చోటూ తేదీ రాసి, పశువైద్యులకు ఫోను చేయాలి. ఆసియా గణన జనవరిలో జరుగుతుంది కాబట్టి అతుకుల పని దసరా నాటికి మొదలుపెడితే, రెజిన్ ఆరి, పెయింటు వాసన పోయి, పుష్య మాసపు మంచు దిగే వేళకు పడవ నీళ్లలోకి దిగుతుంది.